జీడిపప్పు డబ్బాల పుస్తకం

మా అమ్మ కాగితం కవర్లు చేసేది. కాశీబుగ్గలో మా వీధి ఆడవాళ్ళు చాలామంది జీడిపప్పు ఫ్యాక్టరీలకి పిక్కలు కొట్టడానికి వెళ్ళేవారు. పిక్కల్లోని జీడి రసం తగిలితే అమ్మ చేతులు బొబ్బలెక్కేవి. అందుకని ఆమె ఇంట్లోనే కూర్చుని, పాత కాగితాలు కొని తెచ్చి, మైదా జిగురుతో కవర్లు అంటించి కిరాణా కొట్లకి వేసేది. నేను టెక్కలిలో డిగ్రీ చదివే రోజులవి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక నేనూ ఆమె పక్కన కూర్చుని మడతలు పెట్టేదాన్ని.

ఎక్కువగా తెలుగు పేపర్లే వచ్చేవి. అప్పుడప్పుడు మాత్రం కలకత్తా నుంచి విదేశీ కాగితాల కట్టలు దిగేవి. అవి నున్నగా మెరుస్తుండేవి. జిగురు పట్టదని అమ్మకి వాటి మీద విసుగు. నాకు వాటి వాసన ఇష్టం. అలాంటి ఒక కట్ట విప్పుతుంటే, రెండు పెద్ద పత్రికల మధ్య నుంచి అరచేతంత పుస్తకం ఒకటి జారి పడింది.

అచ్చు వేసిన పుస్తకం కాదది. ఎవరో చేత్తో బొమ్మలు గీసి, జిరాక్సు తీయించి, మధ్యకి మడిచి రెండు పిన్నులు కొట్టారు. పేజీకి ఒక కుర్చీ బొమ్మ. అన్నీ పాడైపోయిన కుర్చీలే. ఒకదానికి కాలు లేదు. ఒకదాని నవారు ఊడి వేలాడుతోంది. ఒకటి వీధి దీపం కింద వానలో బోర్లా పడి ఉంది. ప్రతి బొమ్మ కింద ఒక్క వాక్యం. అక్షరాలు ఇంగ్లీషువే గానీ భాష ఇంగ్లీషు కాదు. వెల లేదు. రాసిన వాళ్ళ పేరు లేదు.

"అదేటే, అలగ సూత్తన్నావు? సిన్న కాగితం, కవరుకి పనికిరాదు. పొయ్యిలోకి అట్టే పెట్టు" అంది అమ్మ.

"ఉండనీ అమ్మా. సూడు, అన్నీ కుర్సీలే."

"కుర్సీలు అమ్మే కొట్టోడిదా?"

"అమ్మీవోడైతే మంచియి గీత్తాడు కదా. ఇయన్నీ ఇరిగిపోయినియే."

అమ్మ చేయి తుడుచుకుని పుస్తకం అందుకుంది. రెండు పేజీలు తిప్పి, "ఎంత తీరికున్నాదో మారాజుకి" అని తిరిగి ఇచ్చేసింది. మళ్ళీ పొయ్యి మాట ఎత్తలేదు.

నాకు ఆ రోజు జరిగినది చెప్పడం కష్టం. అప్పటివరకు పుస్తకమంటే పాఠ్యపుస్తకం, బైబిలు, పాటల పుస్తకం, బస్టాండులో తాడుకి వేలాడే వారపత్రికలు. పుస్తకం ఎవరో పెద్దవాళ్ళు రాస్తే, మరెవరో పెద్దవాళ్ళు అచ్చువేస్తే మన దాకా వచ్చేది. ఎవరినీ అడగకుండా, ఒట్టి విరిగిన కుర్చీల మీద, ఒక మనిషి తనంతట తాను పుస్తకం చేసుకోవచ్చని నాకు తెలియదు. తెలిసిన దగ్గర నుంచి మనసు ఒకచోట నిలవలేదు.

మర్నాడు దాన్ని కాలేజీకి తీసుకెళ్ళి నా స్నేహితురాలికి చూపించాను. ఆమెది భావనపాడు. వాళ్ళ నాన్నకి పడవలో వాటా ఉండేది. వాళ్ళమ్మ టెక్కలి బజారులో చేపలు అమ్మేది. చేపల గంపలు వచ్చే ఆటోలోనే ఆమె కూడా కాలేజీకి వచ్చేది. గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుని, చివరి బెంచీలో నా పక్కన కూర్చునేది. బాటనీ రికార్డులో ఆమె వేసిన ఆకుని చూస్తే తుంచాలనిపించేది. క్లాసులో సగం మందికి బొమ్మలు ఆమే వేసి పెట్టేది.

ఆమె కుర్చీల పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చూసింది. తర్వాత చివరి నుంచి మొదటికి చూసింది.

"ఇయన్నీ ఒకే ఇంట్లోయి" అంది.

"నీకెలగ తెలుసు?"

"సూడు, గీత ఒకేలాగున్నాది. ఈ మనిషికి ప్రతి కుర్సీ మీద ఎవులు కూకునీవోరో తెలుసు. ఒకో మనిషి పోతంటే ఒకో కుర్సీ బైట పడీసినారు."

ఆ మాట నిజమో కాదో మాకు తెలిసే దారి లేదు. కానీ ఆ రోజు నుంచి కుర్చీల పుస్తకం మా ఇద్దరిదీ అయిపోయింది.

రైలు గేటు దగ్గర పాత కాగితాల గొడౌను ఉండేది. అమ్మ కాగితాలు అక్కడే కొనేది. దాని యజమాని ఇచ్ఛాపురం వైపు ముసలాయన, తెలుగులో ఒడియా కలిపి మాట్లాడేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళేదాన్ని. నా స్నేహితురాలు భావనపాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. "కట్టలు ఇప్పితే మళ్ళీ కట్టీయాలమ్మా" అనేవాడు ముసలాయన. అంతకు మించి అడ్డు చెప్పలేదు.

మేము మోకాళ్ళ మీద కూర్చుని కట్టలన్నీ వెతికేవాళ్ళం. చాలా ఆదివారాలు ఏమీ దొరికేది కాదు. బట్టలుతికే మిషన్ల కేటలాగులు, ఎవరివో బ్యాంకు కాగితాలు. తుమ్ములు, చేతులనిండా దుమ్ము. ఎప్పుడో ఒకసారి ఒక వస్తువు కనిపించేది. ఒకసారి విసనకర్రలా మడతలు పెట్టిన పొడవాటి కాగితం దొరికింది. విప్పితే ఒక వీధిలోని ఇళ్ళన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసగా ఉన్నాయి, ఒక కిటికీలోంచి పిల్లి చూస్తోంది. ఇంకోసారి ఒట్టి చొక్కా గుండీల బొమ్మలతో ఒక పుస్తకం. మరోసారి గోడల రంగుల నమూనా అట్ట. అది కంపెనీ వాళ్ళదే గానీ, ఎవరో ఆ రంగుల మీద పెన్సిలుతో చిన్న చిన్న మనుషుల్ని గీశారు. నీలం ముక్కలో ఈదుతున్న మనిషి, పసుపు ముక్కలో పడుకున్న మనిషి.

ఇవి తయారయ్యే ఊరు ఎక్కడో ఉండి ఉంటుందని మా నమ్మకం. ఆ ఊళ్ళో ఇవి మాత్రమే అమ్మే కొట్టు ఒకటి ఉంటుంది. ఆ కొట్టు ఎలా ఉంటుందో, ఆమెని టెక్కలి దాకా దిగబెట్టడానికి వెళ్ళే బస్సులో కూర్చుని చెప్పుకునేవాళ్ళం. నా కొట్టుకి చెక్క మెట్లు, అద్దాల తలుపు ఉండేవి. ఆమె కొట్టుకి ఇసక నేల, తాటాకు చూరు. "కొట్టులోకి ఎల్లాలంటే సెప్పులు ఇప్పీయాల" అనేది. వెళ్ళలేని ఊరి మీద అంత దిగులు పెట్టుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. టెక్కలి బస్టాండులో దిగుతుంటే ఎక్కడి నుంచో వెళ్ళగొట్టి పంపించినట్టు ఉండేది.

మనమే ఒకటి చేద్దామన్నది ఆమె. ఆ రోజు కాశీబుగ్గలో టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాం. టీ కొట్టు పొయ్యి జీడిపప్పు డబ్బాతో చేసినది. పలకల రేకు డబ్బా, పక్కన కన్నం కోసి, లోపల మట్టి మెత్తి చేశారు.

"మాయింట్లో కూడా ఇలాటి డబ్బాలే. బియ్యం డబ్బా, ఉప్పు డబ్బా, కోడి గుడ్లు పెట్టే డబ్బా" అంది.

"మా సర్చిలో క్రిస్మసుకి సరుగుడు కొమ్మ నాటేది ఈ డబ్బాలోనే. ఇసక పోసి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె అప్పటికే సంచీలోంచి పెన్సిలు తీస్తోంది.

ఫ్యాక్టరీల్లో పప్పు నింపి దూరదేశాలకి పంపేది ఆ డబ్బాల్లోనే. సొట్టపోయినవి, తిరిగి వచ్చినవి మా ఊళ్ళలోకి చేరేవి. ఆ తర్వాత వాటికి ఏమవుతుందో ఎవరూ పట్టించుకోలేదు. మేము వాటి వెంట పడ్డాం. భావనపాడులో ఆమె చూపించింది: ఒక పక్క ఏటవాలుగా కోసి, పడవలో చేరిన నీళ్ళు తోడి పోసే డబ్బా. నౌపడా ఉప్పు మళ్ళ దగ్గర ఒకాయన డబ్బా బోర్లించి దాని మీదే కూర్చునేవాడు. పాతికేళ్ళుగా నా పీట ఇదేనమ్మా అన్నాడు. మా సమాధుల తోటలో ఒక డబ్బాలో బంతిపూలు పూసేవి. ఆమె గీసేది, నేను కింద ఒక్క వాక్యం రాసేదాన్ని. ఒక్క వాక్యం రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఏది రాసినా, "ఇది బొమ్మలోనే ఉంది కదే, మళ్ళీ సెప్తావేటి" అనేది.

ఒక ఆదివారం మా మేనత్త ఊరికి వెళ్ళాం. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరి తోటల మధ్య ఊరు. మావయ్యకి అప్పటికే కిడ్నీల జబ్బు. ఆ ఊళ్ళో అది చాలా ఇళ్ళలో ఉండేది. కాళ్ళు వాచి, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అత్త టీ పెట్టింది. నా స్నేహితురాలు ఇల్లంతా కళ్ళతో వెతుకుతోంది. అది చూసి మావయ్య అడిగాడు.

"ఏటమ్మా ఎతుకుతున్నావు?"

"జీడిపప్పు డబ్బా ఏదైనా ఉందేటని మావా. బొమ్మ గీత్తాం."

మావయ్య మంచం కింద చూపించాడు. డబ్బా బయటికి లాగితే నిండా విశాఖపట్నం ఆసుపత్రి కాగితాలు, పెద్ద కవర్లలో ఎక్స్‌రేలు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"ఇది ఒద్దులే మావా."

"ఎందుకొద్దు? అదీ డబ్బాయే కదా. గీయి. మూత కూడా గీయి. ఆ మూత మీ అత్త బజార్లో ఏరీ ఏరీ తెచ్చింది."

ఆమె నేల మీద కూర్చుని చాలాసేపు గీసింది. మావయ్య మంచం మీద నుంచి వంగి చూస్తూనే ఉన్నాడు. బొమ్మ అయ్యాక ఆ కాగితం తన ఒళ్ళో పెట్టుకుని, "బాగా కుదిరింది. నా కాగితాలు నాకన్నా బాగున్నాయి" అన్నాడు. అత్త నవ్వబోయి లోపలికి వెళ్ళిపోయింది. ఆ బొమ్మ కింద ఏం రాయాలో నాకు ఎన్నాళ్ళకీ తోచలేదు. చివరికి "మావయ్య డబ్బా" అని మాత్రం రాశాను. ఆ ఒక్కదానికే ఆమె వంక పెట్టలేదు.

జిరాక్సు షాపు అతను మా కాగితాలు చూసి పరీక్ష ప్రాజెక్టా అని అడిగాడు. కాదంటే నమ్మలేదు. మొదటిసారి పేజీలు తలకిందులుగా వచ్చాయి. రెండోసారి వరస తప్పింది. మూడోసారి అతనే మిషను వదిలి బయటికి వచ్చి, మాతో పాటు కాగితం మడిచి చూసి, ఏ పేజీ వెనక ఏది రావాలో పట్టుకున్నాడు. స్టాప్లరు కాగితం మధ్య మడత దాకా అందలేదు. అందుకని నా స్నేహితురాలు వాళ్ళ ఇంటి నుంచి వల దారం తెచ్చి, మధ్యలో కుట్టి, వల ముడి వేసింది. అట్ట మీద "జీడిపప్పు డబ్బాల పుస్తకం" అని నేను రాశాను. మా పేర్లు వేయలేదు.

అమ్మాలని మాకు తోచలేదు. కుర్చీల పుస్తకం మాకు దొరికినట్టే ఇవి కూడా ఎవరికో దొరకాలని ఆశ. బస్టాండు బెంచీ మీద ఒకటి, చర్చిలో పాటల పుస్తకాల మధ్య ఒకటి, టీ కొట్టులో ఒకటి వదిలాం. పాస్టరు గారు ఆ తర్వాతి ఆదివారం నన్ను పిలిచి, "అమ్మా, ఇది నీ చేతి రాతలాగున్నాది. ఇందులో దేవుని వాక్యం ఏది?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆయన పేజీలు తిప్పి, సరుగుడు కొమ్మ నాటిన డబ్బా దగ్గర ఆగి, నవ్వి, దాన్ని తన బైబిల్లో పెట్టుకున్నారు. స్నేహితురాలి వాళ్ళమ్మ ఒక కాపీలో ఎండు రొయ్యలు పొట్లం కట్టి అమ్మేసింది. దానికి మేమిద్దరం చాలా రోజులు నవ్వుకున్నాం.

కానీ నేను మరిచిపోలేనిది బస్సులోని ఆవిడ. కాశీబుగ్గలో ఎక్కాం. మా ముందు సీట్లో మేము పెట్టిన పుస్తకం ఉంది. ఒకావిడ వచ్చి, దాన్ని పక్కకి నెట్టి కూర్చుంది. కాసేపటికి తీసి చూసింది. నందిగాం దాటే దాకా చూస్తూనే ఉంది. ఒక పేజీ దగ్గర ఆగి వేలితో తడిమింది. దిగేటప్పుడు అటూ ఇటూ చూసి, ఎవరూ అడగరని నిశ్చయించుకుని, సంచీలో వేసుకుంది. మేము ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. నా స్నేహితురాలి గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. ఆ నిమిషం కన్నా ఎక్కువ సంతోషం నాకు తర్వాత ఏ పనిలోనూ రాలేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో నా స్నేహితురాలికి సంబంధం కుదిరింది. వాళ్ళ బంధువే. గుజరాత్‌లో వెరావల్ రేవులో బోట్ల మీద పని. మా తీరం నుంచి చాలామంది అక్కడికి వెళ్ళేవారు.

"నువ్వేటన్నావు?" అని అడిగాను.

"ఏటంటాను. మనిషి మంచోడే. అక్కడ కూడా సముద్రమే కదా."

రెండో పుస్తకం అప్పటికి సగం అయింది. లంగరు రాళ్ళ మీద చేద్దామనుకున్నాం. సంచీలో ఆ కాగితాలు పెట్టుకుని, "అక్కడ పూర్తి సేసి పంపుతాను. నువ్వు రాసి కట్టు" అంది. పలాస స్టేషన్లో వాళ్ళ వాళ్ళంతా ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. పుస్తకం వస్తుందని నమ్మకం.

ఒక్క కవరు వచ్చింది. అందులో నాలుగైదు బొమ్మలు. లంగరు రాళ్ళు కావు, బోట్ల ముక్కుల మీద గుజరాతీ అక్షరాలు, జెండాలు. గీత మారలేదు. వాటి కింద రాయడానికి నాకు ఆ అక్షరాలు రావు, ఆ రేవు తెలియదు. అయినా రాసి పంపాను. అప్పటికే వాళ్ళు ఇల్లు మారారట. నేను పంపినది తిరిగి వచ్చింది. వాళ్ళమ్మని బజార్లో అడిగితే, "బాగానే ఉన్నాది తల్లీ, కొడుకు పుట్టినాడు" అనేది. కొత్త చిరునామా ఆమె దగ్గరా లేదు.

నేను కాశీబుగ్గలోనే డీటీపీ నేర్చుకుని, ఒక ప్రెస్సులో చేరాను. పెళ్ళి కార్డులు, జీడిపప్పు పాకెట్ల లేబుళ్ళు, చర్చి కరపత్రాలు. పని నచ్చేది. కానీ మంచి కాగితం చేతికి తగిలినప్పుడల్లా దాన్ని మధ్యకి మడిచి చూసుకునేదాన్ని. ఊళ్ళో ఇంటర్‌నెట్ సెంటరు వచ్చాక, ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని వెతికాను. అప్పుడు తెలిసింది, ఇలాంటి చిన్న పుస్తకాలకి ఒక పేరు ఉందని, మ్యాగజీన్ మాటలోని చివరి ముక్కతో వాటిని జీన్లు అంటారని. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో మనుషులు ఇవి చేసుకుని, బల్లల మీద పరుచుకుని, ఒకరివి ఒకరు మార్చుకుంటారట. తెర మీద ఆ బల్లల ఫొటోలు నెమ్మదిగా, గీతలు గీతలుగా తెరుచుకున్నాయి. ఆ కొట్టు నిజంగానే ఉందన్నమాట. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. పక్క కుర్చీలో ఒకతను పరీక్షా ఫలితాలు చూసుకుంటున్నాడు.

ఇంకొన్నేళ్ళకి విశాఖపట్నంలో పుస్తకాల ప్రదర్శనకి వెళ్ళాను. ఒక మూల, పెద్ద స్టాళ్ళకి దూరంగా, కాలేజీ పిల్లలు కొందరు బల్ల వేసుకుని కూర్చున్నారు. బల్ల నిండా చేత్తో చేసిన చిన్న పుస్తకాలు. ఒకటి ఆర్టీసీ టికెట్ల మీద, ఒకటి ఎవరి అమ్మమ్మవో ముక్కుపుడకల మీద, ఒకటి విప్పితే గొడుగులా తెరుచుకునేది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బల్ల వెనక అమ్మాయి, "మీరు కూడా చేస్తారా ఆంటీ?" అని అడిగింది.

"చేసేదాన్ని. మేం ఇద్దరం" అన్నాను.

"ఇప్పుడు చేయరా?"

నాలుగు పుస్తకాలు కొనుక్కున్నాను.

ఆ వేసవిలోనే తన తమ్ముడి పెళ్ళికి నా స్నేహితురాలు భావనపాడు వచ్చింది. వాళ్ళమ్మ బజార్లో చెప్పగానే వెళ్ళాను. రేవు పక్క కళ్ళాల్లో నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది.

"ఒలే, నువ్వా" అంది. అంతే. పక్కన చోటు చూపించింది, కూర్చున్నాను.

విశాఖ పుస్తకాలు చూపించాను. చేతులు చేపల వాసనని, మణికట్టుతో పేజీలు తిప్పింది. గొడుగులా తెరుచుకునే దాన్ని రెండుసార్లు తెరిచి మూసింది.

"ఇయి అమ్ముతారా? ఎవులు కొంటారు?"

"నాలాటోళ్ళు."

నవ్వింది. అప్పుడు అడిగాను, అన్నేళ్ళుగా అడగాలనుకున్నది. "మళ్ళీ ఒకటి సేద్దుమా?"

ఆమె నెత్తళ్ళు ఒక వరస తిరగేసింది. "నాకిప్పుడు గీత రాదే. ఎల్లిన కొత్తలో గీసేదాన్ని. సూపించడానికి పక్కన మనిషి నేకపోతే సెయ్యి ఆగిపోతాది. నువ్వు సెయ్యి. నాకు పంపు. సూత్తాను." ఈసారి నేను అడగకుండానే ఫోను నంబరు, ఇంటి చిరునామా ఇచ్చింది.

అప్పటి నుంచి చేస్తూనే ఉన్నాను. పెళ్ళి కార్డుల్లో మిగిలిపోయిన వినాయకుల మీద ఒకటి, ప్రెస్సులో తప్పు పడిన అక్షరాల మీద ఒకటి. బొమ్మలు నేనే వేస్తాను, అంత బాగా రావు. కట్టి వెరావల్ పంపుతాను. అందగానే ఫోను చేస్తుంది. "సూసినాను. బాగున్నాది" అంటుంది. పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతాను, వానలు పడ్డాయా అని అడుగుతుంది. ఫోను పెట్టేస్తాం.

నాకు కావలసింది ఆ బాగున్నాది అన్న మాట కాదు. బస్సులో నా పక్కన ఇరుక్కుని కూర్చుని, "ఇలగ కాదే, ఇటు తే" అని నా చేతిలోంచి కాగితం లాక్కునే మనిషి కావాలి. ఈ మాట ఫోనులో ఆమెకి ఇంతవరకు చెప్పలేదు.